తగిన సమాధానం

అంబుజ రాయచూరు టౌనులో పుట్టి పెరిగింది. పీయూసీలో వేరే సబ్జెక్టుల్లో సీటు దొరక్క తర్కశాస్త్రం తీసుకుంది. ఆ చదువుతో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. జిల్లా ఆఫీసులో స్టెనోగా చేరి పన్నెండేళ్లయింది. ఎవరు మాట్లాడినా పొల్లుపోకుండా రాసుకోవడమే ఆమె ఉద్యోగం.

రెండువేల సంవత్సరం వేసవిలో పవర్ ప్లాంటు వాళ్లు రెండో బూడిద చెరువు కడతామని అర్జీ పెట్టుకున్నారు. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి, పైపుల్లో తెచ్చి నింపే చెరువు అది. చట్టం ప్రకారం ఊరివాళ్ల మాట వినాలి గనుక, కృష్ణ ఒడ్డున ప్లాంటు పక్కనే ఉన్న ఊరి బడి ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. అంబుజ పై అధికారి సిద్దప్ప అధ్యక్షుడు. వేదిక పక్కన చిన్న బల్ల దగ్గర ఆమె నోట్‌బుక్కు తెరుచుకుని కూర్చుంది.

మొదట లేచింది తిమ్మన్న అనే రైతు. అరవై దాటిన మనిషి. మైకు పట్టుకోవడం అలవాటు లేక జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడాడు.

"మొదటి చెరువు గట్టు కారి నా బాయిల నీళ్లు తెల్లగయినయ్. బర్రె సుత మూతి పెడ్తలేదు. నేనడిగేది ఒకటే. ఆ కారుడు ఎప్పుడు బంద్ చేస్తరు? అది చెప్పినంక రెండోదాని ముచ్చట చెప్పుండ్రి."

ఇంత తేటగా అడిగిన ప్రశ్నను పన్నెండేళ్లలో తాను రాసుకోలేదనిపించింది అంబుజకు.

ప్లాంటు ఇంజనీరు లేవబోతుంటే, ముందు వరుసలోని మహాంతేశ్ చెయ్యెత్తి ఆపి తానే మైకు అందుకున్నాడు. ఆ తాలూకాలో ఏ ఎన్నికైనా ఆయన మాట మీదే నడుస్తుంది. అధికారులు కన్నడంలో నడుపుతున్న సభలో ఆయన తిమ్మన్న మాట్లాడిన తెలుగులోకే దిగాడు.

"తిమ్మన్న కాకా, నీ ఇంట్ల కరెంటు ఉందా లేదా?"

"ఉంది."

"పంపుసెట్టు?"

"ఉంది గానీ..."

"మరి ఆ కరెంటు ఆకాశంల నుంచి పడ్తదా? చెప్పు, ప్లాంటు కావాల్నా, చీకటి కావాల్నా?"

జనం గొల్లుమన్నారు. ప్లాంటు వద్దని తిమ్మన్న అననే లేదు. అంబుజ పెన్సిలు పరుగెడుతూనే ఉంది గాని, కాలేజీలో తర్కం లెక్చరర్ చెప్పిన పాఠాలు ఆమె మనసులో కదిలాయి. అనని మాటను అంటగట్టి దాన్ని కొట్టడం. ఉన్నవి రెండే దారులని నమ్మించడం.

"ఈయన అన్న కొడుకు ప్లాంట్లనే నౌకరీ చేస్తడు," అంటూ మహాంతేశ్ జనం వైపు తిరిగాడు. "ఆ అన్నమే తింటరు, ఆ ప్లాంటునే తిడ్తరు. పక్క ఊరోళ్లంతా చెరువుకు ఒప్పుకుని సంతకాలు పెట్టిన్రు. వాళ్లంతా పిచ్చోళ్లా? ఈయనొక్కడే తెలివున్నోడా?"

చప్పట్లు మోగాయి. అన్న కొడుకు ఎక్కడ పనిచేస్తే ఏం, బావి నీళ్లు తేటపడతాయా? ఎవరైనా లేచి ఆ ఒక్క మాట అడిగితే చాలు. కాని సభలో స్టెనోకు మాట్లాడే హక్కు లేదు. తిమ్మన్న మళ్లీ అడుగుతాడేమోనని ఆశగా చూసింది. అతను మైకు పక్కవాడికిచ్చి తల వంచుకుని కూర్చున్నాడు.

సభ ముగిశాక బడి గేటు దగ్గర అతన్ని ఆపింది.

"పెద్దయ్యా, నువ్వడిగినదానికి ఆయన జవాబియ్యలే. చూసినవా?"

"ఇచ్చిండు గద బిడ్డా. నిజమే, ఇంట్ల కరెంటుంది."

"నువ్వు కరెంటు సంగతి అడగలే. గట్టు సంగతి అడిగినవు."

"ఔ, గదే అడిగిన. కానీ అందరు నవ్విన్రు గద. నాదే తప్పేమో అనిపించింది."

లెక్చరర్ వాదనలోని ఒక్కో మాయకు ఒక్కో పేరు చెప్పాడు గాని, నవ్వుతున్న మూడొందల మంది మధ్య నిలబడి ఏం చెయ్యాలో చెప్పలేదు.

మర్నాడు ఆమె నడావళి టైపు చేసింది. సభలో ఎవరేమన్నారో రాసి పైకి పంపే కాగితం అది. తిమ్మన్న ప్రశ్న పూర్తిగా దించి, కింద 'ఈ ప్రశ్నకు సమాధానం రాలేదు' అని రాసింది. సిద్దప్ప ఆ వాక్యం కొట్టేసి 'తగిన సమాధానం ఇవ్వబడింది' అని ఎర్ర సిరాతో దిద్దాడు.

"సార్, ఆయన మాట్లాడిన్రు గానీ జవాబు చెప్పలే."

"నాకు తెల్వదా అంబుజా? నేను లా చదివినోణ్ణి." సిద్దప్ప కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. "మాట్లాడిన్రు గద, కాగితం మీద అంతే ఉంటది. నువ్వు టైపు చెయ్యకుంటే ఇంకొకరు చేస్తరు."

ఇంకొకరు చేస్తారు గనుక నువ్వు చేసినా తప్పు లేదన్నట్టుంది ఆ మాట. అందులోని మోసం ఆమెకు తెలిసిపోయింది. తెలిసీ కొత్త కాగితం మిషన్‌కు ఎక్కించింది.

నెలన్నర తర్వాత తిమ్మన్న ఆఫీసుకు వచ్చాడు. నడావళి నకలు ఎవరడిగినా ఇస్తారని ఎవరో చెప్పారట.

"సదువు బిడ్డా. ఆ దినం నాకు సమజ్ కాలే. కాగితం మీద ఉంటే తెలుస్తదేమో."

కన్నడంలో ఉన్నదాన్ని ఆమె తెలుగు చేసి వినిపించింది. అతని ప్రశ్న చదువుతున్నంతసేపు తిమ్మన్న తలూపుతూ ఉన్నాడు. చివరి వాక్యం విని ముందుకు వంగాడు.

"ఏం సమాధానం?"

"అంతే ఉంది, పెద్దయ్యా."

"రాసినోళ్లను అడగొచ్చా?"

"రాసింది నేనే."

తిమ్మన్న ఆమె ముఖంలోకి చూశాడు. కోపం లేదు. "ఆ దినం జవాబియ్యలేదని చెప్పింది సుత నువ్వే గద?"

"ఔ."

తిమ్మన్న నకలు మడిచి అంగీ జేబులో పెట్టుకుని, రెండో చెరువుకు మట్టి తవ్వుడు మొదలయిందని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. సిద్దప్ప గదిలో బెల్లు మోగింది. అంబుజ నోట్‌బుక్కు తీసుకుని లేచింది.