మూడుసార్లు పిలవాల్సిన కాల్‌సైన్

మెర్ల్ కెమరర్ హామ్ రేడియో లైసెన్సు గడువు మార్చి నెలలో, మంచు ఇంకా కరగని ఒక ఉదయం ముగిసింది. పెన్సిల్వేనియా కొండల్లోని ఊళ్లవాళ్లు, ఇంట్లో రేడియో సెట్టు పెట్టుకుని సరదాకి మాట్లాడుకునే హామ్‌లు, పాతికమంది దాకా రోజూ ఆ వేళకి గాలిలో కలుసుకుని, లైసెన్సుతో వచ్చే కాల్‌సైన్ అనే గుర్తుతో ఒకరినొకరు పిలుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. ఆ రోజు మెర్ల్ సెట్టు ఆన్ చేసి అందరి గొంతులూ విన్నాడు. మైకు ముట్టుకోలేదు. కబుర్లు అయ్యాక స్విచ్చి కట్టేసి, భార్య ఆర్డిత్ ఎప్పుడో కుట్టిచ్చిన గళ్ల గుడ్డ సెట్టు మీద కప్పాడు.

"పొడిగించుకోవడానికి ఒక దరఖాస్తేగా," అంది ఆర్డిత్.

"పెద్ద నేరంలో శిక్ష పడిందా అని అడుగుతారు అందులో."

"పడిందని రాయి. ఎందుకు పడిందో కూడా రాయి. ఇచ్చేస్తారని నీ రేడియో నేస్తం ఓర్విల్ చెప్పాడు కదా."

"నలభై ఏళ్లు నా పేరుతో పాటు తిరిగిన కాల్‌సైన్ అది. దాని పక్కన ఆ మాట నా చేత్తో రాయలేను."

ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత రాయించిన మనిషి ఆర్డిత్. ఆ పూట మొగుడి చేత ఒక్క ముక్క రాయించలేకపోయింది.

అంతకు ముందటి అక్టోబరులో మొదలైంది ఇదంతా. ఏటా ఆ నెలలో మెర్ల్, అతని తమ్ముడు వెండెల్ కలిసి తండ్రి పిస్తోలుతో ఖాళీ డబ్బాలు కొట్టేవారు. చచ్చిపోయిన తండ్రిని తలుచుకోవడానికి వాళ్లకి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఎప్పుడూ వెండెలే వెర్మాంట్ నుంచి వచ్చేవాడు. ఆ ఏడు అతని మోకాలికి ఆపరేషను అయింది. మెర్లే పిస్తోలు పట్టుకుని వెర్మాంట్ వెళ్లాలి. మధ్యలో న్యూయార్క్ రాష్ట్రం దాటాలి. అక్కడ వాళ్లిచ్చిన లైసెన్సు లేకుండా పిస్తోలు దగ్గరుంటే నేరం.

ఏం చేయాలని మెర్ల్ గాలిలోనే అడిగాడు. పొద్దుటి కబుర్లు నడిపేది వెర్నన్ స్టాఫర్. తుపాకుల చట్టాలన్నీ అతనికి కంఠతా వచ్చని అందరూ జడ్జి అని పిలిచేవారు. వంటింట్లో గుడ్లు వేయిస్తున్న ఆర్డిత్‌కి ఆ మాటలన్నీ వినబడ్డాయి.

"తూటాలు తీసెయ్, పెట్టెలో పెట్టి తాళం వెయ్, డిక్కీలో పడెయ్. దేశం చట్టం నీ వెనకుంది, ముసలోడా," అన్నాడు వెర్నన్. హామ్‌లు పదహారేళ్లవాణ్ణి కూడా ముసలోడా అనే పిలుచుకుంటారు.

"దారిలో, న్యూయార్క్‌లోనే, ఓర్విల్ ఇంట్లో దిగుదామనుకుంటున్నా."

"దిగు. తిను. పడుకో. తాళం వేశాక తాళం వేసినట్టే."

"జడ్జిగారి తీర్పు అయిపోయింది, ఇంక లేవండి!" అని ఎవరో నవ్వారు. మెర్ల్ కూడా నవ్వాడు.

ఓర్విల్ టెంప్లిన్‌తో మెర్ల్ ఇరవై ఏళ్లుగా రేడియోలో మాట్లాడుతున్నాడు, మొహం చూడలేదు. అలాంటివాడి ఊరి మీదుగా వెళ్తూ ఆగకుండా పోయే హామ్ ఎక్కడా ఉండడు. ఒక రాత్రి అనుకున్నది రెండు రాత్రులైంది. ఓర్విల్ యాంటెన్నా గాలివానకి పడిపోయి ఉంది, ఇద్దరూ కలిసి నిలబెట్టారు. అక్కణ్ణుంచి వెర్మాంట్ వైపు బయల్దేరాక కారు వెనక దీపం వెలగలేదని పోలీసు ఆపాడు.

"బండిలో ఆయుధాలేమైనా ఉన్నాయా, సార్?"

"ఒకటుంది. డిక్కీలో. తాళం వేశా," అన్నాడు మెర్ల్, పాఠం అప్పజెప్పిన కుర్రాడిలా.

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

దాచడం అతనికి చేతకాదు. స్నేహితుడింట్లో రెండు రోజులుండి వస్తున్నానని చెప్పాడు. కేసు పెట్టారు. రాష్ట్రం దాటిపోయేవాడికే ఆ దేశం చట్టం రక్ష, మకాం వేసినవాడికి కాదని ప్రభుత్వం వాదించింది. గెలుస్తామని చెప్పలేను, నేరం ఒప్పుకుంటే మాత్రం జైలు తప్పుతుందన్నాడు లాయరు. మెర్ల్ ఒప్పుకున్నాడు. తండ్రి పిస్తోలు పోయింది. పెద్ద నేరం పడినవాడు తుపాకి ఉంచుకోకూడదు గనక ఇంట్లో ఉన్న వేట తుపాకులు కూడా పోయాయి. "న్యూయార్క్ వాళ్లు అంతే," అన్నాడు వెర్నన్ గాలిలో. తను చెప్పిన సలహా ఊసెత్తలేదు.

లైసెన్సు పోయిన ఏడాదే నవంబరులో మెర్ల్ గుండె ఆగింది.

హామ్ ఎవరైనా పోతే, మర్నాడు పొద్దున్న అతని కాల్‌సైన్‌ని గాలిలో మూడుసార్లు పిలుస్తారు. జవాబు రాదు. ఆ కాసేపు అందరూ మౌనంగా ఉంటారు. రెండు పొద్దులు గడిచినా మెర్ల్‌ని పిలవలేదు. ఆర్డిత్ కోటు వేసుకుని వెర్నన్ ఇంటికి వెళ్లింది. అతను గరాజులో తీగలు అతుకుతున్నాడు.

"గడువు తీరిన కాల్‌సైన్ అమ్మా అది. ఇప్పుడతనిది కాదు. నేనెలా పిలవను? రూలు రూలే."

"ఆ రోజు రూలు నువ్వే చెప్పావు."

"తాళం సంగతి చెప్పాను. రెండు రోజులు కూర్చోమన్నానా?"

"దిగు, తిను, పడుకో అన్నావు. నేను విన్నాను వెర్నన్."

అతను పని ఆపాడు. "కబుర్లలో వంద అంటాం. నేనేమన్నా లాయర్నా?"

"జడ్జివి కదా."

వెర్నన్ మళ్లీ తీగ అందుకున్నాడు.

"నాకు రెండే కావాలి," అంది ఆర్డిత్. "మెర్ల్‌ని మూడుసార్లు పిలువు. ఆ రోజు తప్పు చెప్పానని అను. నీ మాట వినేవాళ్లు ఇంకా ఉన్నారు."

"చూస్తాను, ఆర్డిత్. ఇంటికి వెళ్లు, చలిగా ఉంది."

మర్నాడు ఆమె గళ్ల గుడ్డ తీసి సెట్టు ఆన్ చేసింది. పేర్లు పలకడం అయ్యాక వెర్నన్ గొంతు సవరించుకున్నాడు. "మన మెర్ల్ లేడు. మంచివాడు. ఆ రాష్ట్రం వాడి ప్రాణం తీసింది. డెబ్బై మూడు, మెర్ల్." డెబ్బై మూడు అంటే వాళ్లలో సెలవు. కాల్‌సైన్ పలకలేదు. మౌనం కూడా లేదు. వెంటనే ఎవరో కొత్త గొంతు అందుకుంది.

"జడ్జిగారూ, క్రిస్మస్‌కి న్యూజెర్సీ మీదుగా మా అక్క దగ్గరికి పోతున్నా. పిస్తోలు డిక్కీలో పెట్టుకోవచ్చా?"

ఆర్డిత్ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"పెట్టుకో. తాళం వేశాక తాళం వేసినట్టే, ముసలోడా," అన్నాడు వెర్నన్.

ఆమె మైకు చేతిలోకి తీసుకుంది. బొటనవేలు మీట మీద పెట్టింది. లైసెన్సు లేనివాళ్లు మాట్లాడకూడదు. మార్చి నుంచి పోయేదాకా మెర్ల్ ఒక్కసారి కూడా ఆ మీట నొక్కలేదు. ఆమె మైకు దాని కొక్కేనికి తగిలించింది. సెట్టులో ఎవరో యాపిల్ పళ్ల ధర చెబుతున్నారు.

మెర్ల్ కాల్‌సైన్‌ని ఇంతవరకు ఎవరూ పిలవలేదు. న్యూజెర్సీ మీదుగా పోయే ఆ మనిషికి, దారిలో మకాం వేస్తే తాళం కాపాడదని ఎవరూ చెప్పలేదు. ఆర్డిత్ కూడా చెప్పలేదు.