ఏడికి పోదాం?

వెంకటరామయ్యగారి నల్ల జర్మనీ బండిని లింగమూర్తి డ్రైవరుగా తొమ్మిదేళ్లు నడిపాడు. ఆయన రిటైరై, ఇద్దరు మనుషులకు ఇంత పెద్ద బండి ఎందుకని ఒక చిన్న కారు కొనుక్కున్నాడు. పాతదాన్ని ఎవరికైనా అమ్మాలని ఆయన అనుకుంటున్నంతలోనే లింగమూర్తి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సార్, గీ బండిని వేరేటోళ్లు తోల్తుంటె నేను సూడలేను" అన్నాడు.

ఆ మాట మీదే, అతనికి అందే ధరకు, బేరం కుదిరిపోయింది.

బోరబండలో లింగమూర్తి ఇల్లున్న గల్లీలోకి ఆటో రావడమే గగనం. అందుకని బండి రైలు స్టేషన్ దగ్గర, తెలిసినవాళ్ల ఖాళీ ప్లాటులో పరదా కప్పుకుని ఉండేది. లింగమూర్తి ఇప్పుడు ఒక కంపెనీలో స్టాఫ్ బస్సు నడుపుతున్నాడు. డ్యూటీకి పోతూ ఒకసారి పరదా ఎత్తి చూసుకునేవాడు. తిరిగి వస్తూ అద్దాలు తుడిచేవాడు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేవాడు. అంతకు మించి బండితో పనేమీ పడలేదు.

"బర్రెను కొంటె పాలన్న ఇస్తుండె" అంది అతని భార్య సీతాబాయి. "గిదేమిస్తది?"

"ఆదివారం రానీ. నిన్ను తిప్పుత."

సీతాబాయి నమ్మలేదు. కానీ ఆదివారం పొద్దున్నే బీరువాలోంచి పట్టుచీర తీసింది. మూరెడు మల్లెపూలు పెట్టుకుంది. గల్లీలో ఎదురైన ప్రతి ఆడమనిషికీ, అడిగినా అడగకపోయినా, "గీయన బండిల తిప్పుతడట" అని చెప్పుకుంటూ స్టేషన్ దాకా నడిచింది.

లింగమూర్తి పరదా మడిచి పక్కన పెట్టి, వెనక ఎడమవైపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. అది చెయ్యి అలవాటు. సీతాబాయి అతని భుజం పట్టుకుని మోకాలెత్తున్న మెట్టు మీద కాలు వేసి, అబ్బా అంటూ ఎక్కింది. తలనూనె అంటుతుందని సీటుకు తువ్వాల పరిచి దాని మీద ఆనుకుంది. అతను తలుపు చప్పుడు కాకుండా మూసి, చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. ఏసీ పెట్టాడు. అద్దంలో వెనక్కి చూస్తూ ఆగాడు.

ఆమె కూడా అద్దంలోకి చూస్తూ కూర్చుంది.

"ఏందీ, పోనియ్యవా?" అంది కాసేపటికి.

"ఏడికి పోదాం?"

"నన్నడుగుతవేంది? తిప్పుతనన్నది నువ్వు!"

లింగమూర్తి స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా రోడ్డు వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఎక్కడికి పోవాలో అతను ఆలోచించవలసిన పని పడలేదు. సారు ఎక్కి కూర్చుని, ఆఫీసనో ఎయిర్‌పోర్టనో ఒక్క ముక్క అనేవాడు. బండి కదిలేది. ఏ రోడ్డు మీద ఏ గుంత ఎక్కడుందో అతనికి తెలుసు. ఆ రోడ్డు ఎందుకెక్కాలన్నది మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లకే తెలిసేది.

"సరే, పా" అని గేరు వేశాడు.

దారి పొడుగునా బండి గొప్పలు చూపించాడు. కొండాపూర్ దాటాక ఒక మీట నొక్కితే నెత్తిమీది కప్పు వెనక్కి జరిగి ఎండ భళ్లున లోపలికి పడింది.

"ఎండ గొడ్తుంటె పైకప్పు తీస్తరా ఎవరన్న?" సీతాబాయి కొంగు నెత్తిన వేసుకుంది. "ముయ్యి ముందుగాల!"

అతను నవ్వుతూ మూశాడు. ఆ నవ్వుల్లో చేతులు ఎటు తిప్పుతున్నాయో చూసుకోలేదు. నల్లగండ్లలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు ముందు బండి నెమ్మదించింది. వాచ్‌మన్ బండిని గుర్తుపట్టి, గేటు కర్ర పైకెత్తి సలాం కొట్టాడు. బండి తిన్నగా లోపలికి వెళ్లి, లిఫ్టుకు ఎదురుగా, ఎప్పుడూ ఆగే చోటే ఆగింది.

"గిదెవలిల్లు?"

లింగమూర్తి స్టీరింగ్ మీద నుంచి చేతులు తీశాడు. "సారోళ్లది" అన్నాడు చిన్నగా.

సీతాబాయి లిఫ్టు వైపు చూసి, తన చీర వంక చూసుకుంది. తర్వాత అంది: "పట్టుచీర కట్టుకొని, పూలు వెట్టుకొని, నీ డ్యూటీకొచ్చిన్నా నేను?"

అప్పుడే కూరగాయల సంచీతో వస్తున్న వెంకటరామయ్యగారి భార్య రాజరాజేశ్వరి బండిని చూసి ఆగిపోయింది. "అయ్యో, సీతాబాయీ! ఎంత బాగున్నావమ్మా! ఉండండి, ఆయన్ని పిలుస్తాను" అని ఫోన్ తీసింది.

వెంకటరామయ్యగారు పంచెతోనే దిగి వచ్చాడు. అత్తారింటికి పంపిన పిల్లను చాన్నాళ్లకు చూసినట్టు బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేశాడు.

"నా దగ్గరున్నప్పటికంటే మెరుస్తోందయ్యా. ఎక్కడికి బయల్దేరారు?"

"తెల్వది సార్. చెయ్యే ఇటు తిప్పింది."

ఆయనకు నవ్వాగలేదు. పంచె కొసతో కళ్లు తుడుచుకున్నాడు. "నేనూ అంతేనయ్యా. సోమవారం వస్తే స్నానం చేసి, చొక్కా వేసుకుని కూర్చుంటున్నాను. ఎక్కడికని ఈవిడ అడిగితే చెప్పలేకపోతున్నాను."

"పైకి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అంది రాజరాజేశ్వరి.

"ఇంకోసారి వస్తనమ్మా. ఇయ్యాల తిరగనీకి ఒచ్చిన" అంది సీతాబాయి. బండి దిగి, తువ్వాల తీసుకుని, ముందు తలుపు తెరుచుకుని ఎక్కింది. లింగమూర్తి వింతగా చూస్తుంటే అంది: "ఎనక కూసుంటె నీ మొఖం కనవడ్తలేదు. తిట్టనీకి గూడ వస్తలేదు."

గేటు దాటాక అతను బండి పక్కకు ఆపాడు. "ఇగ నువ్వే చెప్పు. యాడికంటె ఆడికే."

సీతాబాయి మల్లెపూలు సర్దుకుంటూ ఆలోచించింది. "సారు ఆఫీసులకు వోయినంక, మల్ల బయటికొచ్చేదాక నువ్వేడ కూసుంటుంటివి?"

"ఎందుకే?"

"గా జాగ సూపియ్యి."

"ఆడేముంటది? ఒక గోడ, ఒక చాయ్ బండి."

"సూపియ్యమన్న గద."

మాదాపూర్‌లో ఆదివారం రోడ్లు ఖాళీగా ఉన్నాయి. అద్దాల మేడలు నెత్తి మీద పడేటట్టు నిలబడి ఉంటే సీతాబాయి మెడ ఎత్తి చూస్తూ, "గిండ్లల్ల ఏది సారుది?" అని ఒకసారి అడిగి ఊరుకుంది. బండి ఆ మేడల వెనక సందులోకి తిరిగింది. కాంపౌండు గోడ పొడుగునా గానుగ చెట్లు. వాటి కింద రెండు చెక్క బల్లలు, పక్కన స్వామి అనే అతని చాయ్ బండి. హాస్టల్ పిల్లలు నలుగురు, క్యాబ్ డ్రైవర్లు ముగ్గురు చాయ్ తాగుతున్నారు.

"అరె, లింగన్న!" స్వామి గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు. వెనకే దిగుతున్న ఆమెను చూశాడు. "వదినెనా?"

"ఆ" అన్నాడు లింగమూర్తి, ఎందుకో సిగ్గుపడుతూ.

డ్రైవర్లలో పెద్దాయన గ్లాసు కింద పెట్టి లేచాడు. "నమస్తె వదినె. మీ టమాట తొక్కు తినక శాన రోజులైంది. అన్న ఉద్యోగం మారిండు, మా నోరు సప్పగైంది."

"సర్వపిండి జెప్పవేంది?" అన్నాడు ఇంకొకడు. "బుధవారమొస్తె గా రొట్టె ముక్కల కోసం పంచాయితే గద ఈడ."

సీతాబాయి మొగుడి వైపు తిరిగింది. "నా డబ్బా వీళ్లు తింటుండ్రా?"

"అందరం కలిసి తింటుంటిమే."

"డబ్బ నాకినట్టు ఖాళీగ వస్తుండె. మనిషివేమొ పుల్ల లెక్కనే ఉంటివి. తిన్నది ఏడ వోతుందోనని పరేషానయ్యి, రొట్టెలు ఎక్కువ వెట్టుకుంట వొయ్యిన. షుగరుందేమొనని దవాఖానకు గూడ గుంజుకవోతిని గదా!"

డ్రైవర్లు గొల్లుమన్నారు. లింగమూర్తి తల గోక్కున్నాడు. సీతాబాయి కోపంగా ఉండాలనే చూసింది గానీ పెదవి మీద నవ్వు ఆగలేదు. "ఎవలెవలికి ఏమేమి ఇష్టమో జెప్పుండ్రి. ఒచ్చే ఆదివారం గాకపోతె పై ఆదివారం తెస్త" అంది.

తర్వాత ఆమె చెట్టు కింద బల్ల మీద కూర్చుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆకులను, గోడను, నేల మీద కదులుతున్న నీడను చాలాసేపు చూసింది.

"జాగ మంచిగనే ఉన్నది" అంది మెల్లగా. "నేనిన్నేండ్లు నువ్వు ఎండల నిలవడ్తున్నవనుకున్న."

"ఎన్నడన్న అడిగితివా?"

"నువ్వన్న జెప్తివా?"

లింగమూర్తి గ్లాసు కింద పెట్టాడు. బల్ల మీద ఆమె పక్కకు కొంచెం జరిగి కూర్చున్నాడు. స్వామి అడక్కుండానే ఇంకో రెండు చాయ్‌లు పోశాడు.