ఉచితంగా చూపించిన ఊరు

మా అక్క పెళ్ళి ఆల్బంలో పెళ్ళి ఉండదు, భోజనాలు ఉంటాయి. ఇంకెవరి పెళ్ళిలోనో సగం రీలు మిగిలిపోయిన ఫొటోగ్రాఫర్‌ని పట్టుకుని మా బావ సగం ధరకి మాట్లాడుకున్నాడు. వాడు అక్కడ ముగించుకుని వచ్చేసరికి ఇక్కడ జనం చేతులు కడుక్కుంటున్నారు. మొదటి ఫొటోలో మా అక్క పక్కకి తిరిగి ఆవులిస్తూ ఉంటుంది. ఆ ఆల్బం తీసినప్పుడల్లా మా అమ్మ ఒకటే మాట అనేది: "మా అల్లుడు పైసా పోనివ్వడు. పెళ్ళాం పోతే పోనీ అంటాడు."

చవక బావ అని పేరు పెట్టింది కూడా అమ్మే. గోదాములో సరుకు చూసుకునే ఉద్యోగం ఆయనది. అక్కడ పనికిరాదని పక్కన పడేసిందంతా వాళ్ళింట్లో తేలేది. మచ్చలు పడ్డ పళ్ళు, ఒక చెయ్యి పొట్టిగా కుట్టిన చొక్కాలు, గడువు దగ్గరపడ్డ బిస్కెట్లు. బిస్కెట్లు గబగబా తినెయ్యమని కూతుర్ని తరిమేవాడు. గొంతుకి అడ్డం పడితే తాగడానికి నీళ్ళు ఎలాగూ ఊరికే వస్తాయి కదా.

నేను కార్ల సీట్లకి కవర్లు కుట్టేవాణ్ణి. దుకాణం వెనక గదిలో నేనూ అమ్మా ఉండేవాళ్ళం. అక్క సంసారం సముద్రాలకి అవతల. అమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడదు. అందుకని పెద్ద కారు సీటొకటి విప్పి, నడుం కింద దట్టంగా స్పాంజి పెట్టి, వీధి గుమ్మానికి ఎదురుగా వేశాను. అందులోనే కూర్చుని నిద్రపోయేది. డాక్టరు వచ్చి చూసి, చేతిసంచీ సర్దుకుంటూ, "చూడాల్సినవాళ్ళు ఎవరన్నా ఉంటే వెంటనే రమ్మనండి" అన్నాడు. వెంటనే అన్న మాట రెండుసార్లన్నాడు.

అక్కకి ఫోన్ చేశాను. ఏడుస్తూనే బట్టలు సర్దుకుంటానంది. అంతలో ఫోను బావ చేతికి వెళ్ళింది.

"చూశాను బావమరిదీ, అన్నీ చూశాను. నేరుగా వచ్చేదానికి రేటు మండిపోతోంది. మధ్యలో ఒక ఊళ్ళో ఆగేది ఒకటుంది. దాంట్లో వస్తున్నాం."

"ఎంతసేపు ఆగుతుంది బావా?"

"ఎంతోసేపు కాదు, ఒక పగలు. ఆ పగలు కూడా ఊరికే పోదయ్యా. విమానం కంపెనీవాళ్ళే బస్సులో ఊరంతా తిప్పి చూపిస్తారట. టిఫిను కూడా వాళ్ళదే. ఒక టిక్కెట్టుకి రెండు ఊళ్ళు!"

"అమ్మ ఆ పగలు ఆగుతుందో లేదో తెలీదు. నేరుగా వచ్చేదాంట్లో అక్కనొక్కదాన్నీ పంపు. రేపు తెల్లారేసరికి ఇక్కడుంటుంది. ఆ టిక్కెట్టు నేను కొంటాను."

 బావ గొంతు మారింది.

"ఏంటి, నా పెళ్ళానికి టిక్కెట్టు నువ్వు కొంటావా? సీట్లు కుట్టుకునేవాడి దగ్గర చెయ్యి చాపే గతి నాకింకా పట్టలేదు. పెద్దవాళ్ళన్నాక ఒంట్లో బాగోకపోవడం మామూలే. ఒక పగలు ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు."

వెనకనించి అక్క గొంతు వినిపించింది. "ఏమండీ, వాడు కొంటానంటున్నాడుగా..."

"నువ్వుండు. సూట్‌కేసు తూకం చూశావా?"

తాను కొనడు, ఇంకొకణ్ణి కొననివ్వడు. అదీ మా బావ పరువు.

దేశం దాటితే వాళ్ళింట్లో ఇంకో పద్ధతి ఉంది. ఒక్క ఫోనే వెళ్ళాలి, అది బావదే. అక్క ఫోనూ పిల్ల ఫోనూ బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పోతే ఎవడిస్తాడంటాడు. పాస్‌పోర్టులన్నీ ఆయన నడుముకి కట్టుకున్న సంచీలోనే. తన పెళ్ళాం ఎవరో గుర్తుపట్టాలంటే ప్రపంచం ముందు ఆయన పొట్ట తడమాలి.

బయల్దేరారని అమ్మకి చెప్పాను. "పెద్దది వస్తోందా?" అంది. వస్తోందన్నాను. మధ్యలో ఆగుతున్నారని చెప్పలేదు. తల దువ్వమంది. దువ్వాను. ఆ తరవాత గుమ్మంవైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు తెల్లవారుతుండగా, నేరుగా వచ్చే విమానంలో వాళ్ళు వచ్చేవాళ్ళయితే సరిగ్గా వచ్చే వేళకి, వీధిలో బండి ఆగింది. తలుపు తీసిన చప్పుడైంది. అమ్మ మొహం విప్పారింది. అంత నీరసంలోనూ పైట సర్దుకుంది.

"వచ్చిందిరా. వెళ్ళి సామాను అందుకో."

అది పాలబండి. నేను బయటికి వెళ్ళి, పాలు తీసుకుని, కాసేపు అక్కడే నిలబడి లోపలికొచ్చాను. నా చేతిలో పాలు చూసింది. ఇంకేమీ అడగలేదు. ఎండ గుమ్మం దాటకముందే అమ్మ పోయింది.

ఫోనులో మా కుటుంబం గ్రూపులో కబురు పెట్టాను. నాకు రాయడం అంత రాదు, నోటితోనే చెప్పాను. పిన్ని ఏడుస్తూ ఏదో చెప్పింది. బావ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. అంటే విమానం దిగి, ఫోను తెరిచి, విన్నాడన్నమాట. వెంటనే ఫోన్ చేశాను.

"అయ్యయ్యో" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "మీ అక్కకి చెప్పలేదు. చెప్పకు కూడా. ఇక్కడ బస్సుకి నిలబడి ఉన్నాం. ఏడుపు మొదలుపెట్టిందంటే అంతా పాడు" అన్నాడు.

చావు కబురు చల్లగా చెప్పడం విన్నాను గానీ, చావు కబురు చల్లగా జేబులో వేసుకోవడం అప్పుడే విన్నాను.

"బావా, నా మాట విను. ఐసుపెట్టె సాయంత్రం దాకానే ఇచ్చారు. ఈ వారం ఊళ్ళో చావులెక్కువ, ఇంకో ఇంటివాళ్ళు కాసుక్కూచున్నారు. మీరున్న ఊరినించి మధ్యాహ్నం ఇక్కడికి ఒక ఫ్లైటుంది, కనుక్కున్నాను. అక్కని అందులో ఎక్కించు. మొహమైనా చూసుకుంటుంది."

"మా ముగ్గురి టిక్కెట్టూ ఒకటేనయ్యా. ఒకళ్ళు విడిపోతే మిగతావాళ్ళ తిరుగు ప్రయాణం కూడా రద్దు చేసేస్తారు. నీకు ఇవన్నీ తెలీవు." పైగా ఓదార్చినట్టే అన్నాడు: "పోయినావిడ ఇంకెక్కడికీ పోదు కదా."

"పోతుంది బావా. సాయంత్రానికి పోతుంది."

"బస్సొచ్చింది" అని పెట్టేశాడు.

ఆ బస్సులో ఏం జరిగిందో తరవాత మా మేనకోడలు చెప్పింది. కాలేజీ చదువుతున్న పిల్ల. అబద్ధాలాడే తెలివి తండ్రినించి రాలేదు.

బస్సు ముందు జెండా పట్టుకుని ఒకమ్మాయి నిలబడిందట. బావ అందరికంటే ముందు ఎక్కి కిటికీ సీటు పట్టుకున్నాడట. టిఫిను పొట్లం తనది తిని, అక్కకి సయించక పక్కన పెట్టిన పొట్లమూ తిన్నాడట. అక్క మాటిమాటికీ, "ఒకసారి తమ్ముడికి ఫోన్ చెయ్యండి, అమ్మ ఎలా ఉందో" అంటోంది. "ఇప్పుడే మాట్లాడాను. అలాగే ఉంది. మార్పేమీ లేదు" అన్నాడట. ఒక రకంగా అది నిజమే.

బజారు దగ్గర దింపారు. అక్క ఒక దుకాణం ముందు ఆగింది. లోపల ఉన్ని పెట్టి కుట్టిన మెత్తటి చెప్పులు.

"అమ్మ కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. ఇవి తీసుకుందామండీ."

"ఆవిడకి ఇప్పుడెందుకు చెప్పులు?"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" అక్కకి కోపం వచ్చింది. పెళ్ళయ్యాక బజార్లో గొంతు పెంచడం అదే మొదలని పిల్ల చెప్పింది. చుట్టూ బస్సువాళ్ళు చూస్తున్నారు. బావ బేరం మొదలుపెట్టాడు. దుకాణంవాడు విసిగిపోయేదాకా చేశాడు. చివరికి కొంటూ కొంటూ అన్నాడట:

"నీ సైజు తీసుకో. ఆవిడ తరవాత నువ్వు వేసుకోవచ్చు."

"అమ్మవి చిన్న పాదాలండీ, జారిపోతాయి."

"జారవు. నీ సైజే తీసుకో."

తీసుకుంది. ఆ సంచీ గుండెకి పెట్టుకుని బస్సెక్కింది.

ఊరి మధ్యలో పెద్ద ఫౌంటెన్ ఉందట. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. పిల్ల వెళ్ళి బస్సులోనే కూర్చుంది, తలనొప్పి అని. బావ ఫౌంటెన్ గట్టు మీదికి ఎక్కి, నీళ్ళు అరచేతిలోకి పడుతున్నట్టు చెయ్యి చాపి, ఫోను అక్క చేతికిచ్చాడు. "నీళ్ళు నా చేతిలో పడుతున్నట్టు రావాలి. సరిగ్గా చూసి తియ్యి."

అప్పుడే నేను ఫోన్ చేశాను.

మా ఇంట్లో అమ్మని పెట్టెలోంచి తీసే వేళ దగ్గరపడుతోంది. ఆ మధ్యాహ్నం ఫ్లైటు వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. అవతల ఎత్తగానే మొదలుపెట్టాను.

"నీ కోరిక తీరిందిగా బావా! ఫ్లైటు వెళ్ళిపోయింది. ఇంకో గంటలో అమ్మని తీసుకెళ్ళిపోతున్నాం. మొహం ఎలాగూ చూడనివ్వలేదు, కనీసం పోయిందనైనా చెప్పు మా అక్కకి. పొద్దున్నించీ కబురు జేబులో పెట్టుకుని ఊళ్ళు చూస్తున్నావే, అసలు నువ్వు మనిషివేనా?"

అటునించి నీళ్ళ చప్పుడు వినిపించింది. ఎవరో పిల్లలు అరుస్తున్నారు. దూరంగా బావ గొంతు: "ఏంటి, ఎవరు? పెట్టేసి ముందు ఫొటో తియ్యి!"

ఫోను ఎత్తింది బావ కాదు.

"ఎప్పుడు?" అంది అక్క.

"పొద్దున."

"మేం దిగకముందా, దిగాకా?"

"మీరు దిగేసరికే. బావకి చెప్పాను."

"నన్ను అడిగిందా?"

లేదని చెప్పి ఉండొచ్చు. నిద్రలో పోయిందని చెప్పి ఉండొచ్చు. నాకా మంచితనం లేదు, ఆ రోజు అసలే లేదు. "తెల్లారి బండి చప్పుడైతే నువ్వొచ్చావంది. పైట సర్దుకుంది. పాలబండి అక్కా అది" అన్నాను.

మళ్ళీ నీళ్ళ చప్పుడు. నేను పెద్దగా ఏడుపు కోసం ఎదురుచూశాను. రాలేదు.

"ఇంక పెట్టెయ్ తమ్ముడూ" అంది, ఎవరికో దారి చెబుతున్నంత మామూలుగా. "మీ బావ ఫొటోకి నిలబడి ఉన్నారు."

కాసేపటికి గ్రూపులో ఫొటో వచ్చింది. పైన నా గొంతు, అమ్మ పోయిందని. దాని కింద పిన్ని ఏడుపు. దాని కింద బావ జోడించిన చేతులు. దాని కింద బావ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ, చేతిలోకి నీళ్ళు పట్టుకుంటూ. ఫొటో చక్కగా కుదిరింది. నీళ్ళు సరిగ్గా చేతిలోనే పడుతున్నాయి.

అది ఒకటే కాదు. ఆ తరవాత ఆ ఊళ్ళో బస్సు ఆగిన చోటల్లా ఒకటి వచ్చింది. గడియారం మేడ ముందు బావ. రాతి గుర్రం మీద చెయ్యేసి బావ. ఐస్‌క్రీం నాకుతూ బావ. ఫొటోలంటే ఎప్పుడూ విసుక్కునే అక్క ఫోను అడిగి తీసుకుని మరీ తీసిందని పిల్ల చెప్పింది. "కొంచెం ఇటు తిరగండి. ఇంకొంచెం నవ్వండి. ఆఁ, అలా." పెళ్ళాం ఇన్నాళ్ళకి దారికొచ్చిందని బావ మురిసిపోయాడట. తీసినవెంటనే పంపేసి ఫోను తిరిగి చేతికిచ్చేది. ఆయన దాన్ని సంచీలో వేసి జిప్పు లాగేవాడు. వాడితే డబ్బు కదా.

ఇక్కడ మేం అమ్మని ఎత్తుకుంటున్నాం. చుట్టూ నిలబడ్డ చుట్టాల జేబుల్లో ఫోన్లు టింగుమంటున్నాయి. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు తీసి చూడ్డం, పక్కవాళ్ళకి చూపించడం. పిన్ని కళ్ళు తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూసి, "వీడెందుకురా పళ్ళికిలిస్తున్నాడు?" అంది. నా భుజం మీద అమ్మ తేలిగ్గా ఉంది.

మర్నాడు పొద్దున వాళ్ళ కారు వచ్చింది. ఇల్లంతా చుట్టాలు. బావ దిగుతూనే మొహం ఏడుపుకి సిద్ధం చేసుకున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టి, "అత్తయ్యా!" అని ఒక్క కేక పెట్టి, తలుపు పట్టుకుని కుంగిపోయాడు. ఎవరైనా వచ్చి భుజం పడతారని అలాగే కాసేపు ఉన్నాడు.

ఎవరూ లేవలేదు.

"రా నాయనా" అంది పిన్ని, కూర్చున్నచోటినించే. "ఊరు బాగుందా? టిఫిను బాగా పెట్టారా?"

"గుర్రం నిజందా రాయిదా అల్లుడూ?" అన్నాడు మూలనించి మా పెద్దనాన్న.

బావ మెల్లగా నడుముకున్న సంచీ జిప్పు లాగి ఫోను తీశాడు. గ్రూపు తెరిచి వేలితో పైకి జరుపుకుంటూ పోయాడు. ఒక్కొక్క ఫొటోకీ ఆయన మెడ కొంచెం కొంచెం కిందికి దిగింది. తలెత్తి అక్కవైపు చూశాడు.

అక్క అప్పటికే వచ్చి అమ్మ సీట్లో కూర్చుంది. సంచీలోంచి చెప్పులు తీసి, తన కాళ్ళకి తొడుక్కుంది.

"సైజు సరిపోయిందండీ" అంది. "మీరు చెప్పినట్టే."

వారం తిరిగేసరికి బావ సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టాడు. అక్క లేవలేదు.

"నా పాస్‌పోర్టూ పిల్లదీ ఇక్కడ పెట్టి వెళ్ళండి. మేం కొన్నాళ్ళు ఆగుతాం."

"ఏంటీ, ఆగుతావా? టిక్కెట్టు?"

"పోనివ్వండి."

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. టిక్కెట్టును పోనివ్వడమనే పని మనుషులు చేస్తారని ఆయనెప్పుడూ వినలేదు. నావైపు చూశాడు, పిన్నివైపు చూశాడు. "ఒకళ్ళు విడిపోతే అందరివీ రద్దవుతాయి" అన్నాడు, గొంతు పీలగా.

"కనుక్కున్నాను బావా" అన్నాను. "అవ్వవు. నీది భద్రం."

సంచీ విప్పి రెండు పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టాడు. పెట్టాక కూడా కాసేపు వాటి మీదనించి చెయ్యి తియ్యలేదు.

వెళ్ళేటప్పుడూ అదే ఊళ్ళో ఆగాడు. మళ్ళీ బస్సెక్కాడు, ఊరికే తిప్పుతారు కదా. సాయంత్రం గ్రూపులో ఫొటో వచ్చింది. అదే ఫౌంటెన్. అందులో మనిషి లేడు. తీసేవాళ్ళు లేక నీళ్ళని మాత్రమే తీసి పంపాడు.

 నేను ఫోను అక్కకి చూపించాను. సీటుకి వెనక్కి వాలి, కాసేపు చూసింది.

"ఇది బాగా వచ్చింది" అని తిరిగి ఇచ్చేసింది.