కొబ్బరినీళ్ళు చేరని చోటు

మూత్రసంచి నిండలేదు.

డాక్టర్ భావన గోడ గడియారం చూసింది. నలభై నిమిషాలు. మామూలు బిడ్డకైతే ఈపాటికి ఆ సంచి ఒక్కసారైనా నిండి ఖాళీ అయ్యేది. తెర మీద అక్కడ ఏమీ లేదు.

కొత్తపేట స్కానింగ్ సెంటర్లో బల్ల మీద పడుకున్న జోస్నాకు ముప్పై మూడో వారం. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, ఉమ్మనీరు దాదాపు లేదు. రేపు పొద్దున ఎల్.బి.నగర్‌లో ఆపరేషన్. దానికి ముందు చివరి స్కాన్ ఇది.

"ఏంది మేడమ్, మాట్లాడ్తలేరు?" జోస్నా అత్త ఎల్లమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆడపిల్లనా? చెప్పొద్దని బోర్డు పెట్టిండ్రని చెప్తలేరా? మాకేం పరేషాన్ లేదమ్మా. ప్రభువు ఏదిస్తే గదే. గట్ల మొఖం పెట్టకుండ్రి."

"అత్తమ్మ పేరు గూడ పెట్టేసింది మేడమ్," అంది జోస్నా నవ్వుతూ.

భావన రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ నొక్కింది. వెన్ను పక్కన పెద్ద రక్తనాళం ఎర్రగా వెలిగింది. దాన్నుంచి కిడ్నీలకు పోవలసిన రెండు కొమ్మలూ లేవు.

పాత బొమ్మలు తెరిచింది. ఇరవయ్యో వారం. కిడ్నీలు ఉండాల్సిన చోట రెండు పొడవాటి నీడలు. కింద 'రెండు కిడ్నీలూ ఉన్నాయి' అని ఆమె సంతకం.

అవి కిడ్నీలు కావు. కిడ్నీ నెత్తిన టోపీలా కూర్చునే గ్రంథులు. కింద కిడ్నీ లేకపోతే అవి చదునుగా సాగి పడుకుంటాయి, చూసేవాళ్ళను మోసం చేస్తాయి. ఆ రోజు అది నలభై మూడో స్కాన్. "నీరు తక్కువుంది, బాగా తాగమ్మా" అని పంపేసింది. అప్పట్నుంచీ జోస్నా భర్త స్తెఫను రోజూ రెండు కొబ్బరిబోండాలు తెస్తున్నాడు.

భావన లేచి పక్కగదిలోకి వెళ్ళి చెప్పింది. సెంటర్ యజమాని ఉపేంద్ర మొత్తం విన్నాడు. తలుపేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఐదు నిమిషాల తర్వాత తలెత్తాడు.

"పాత బొమ్మలు తీసేశానండీ. ఇవాళ కూడా నీరు తక్కువనే రాసెయ్యండి. పుట్టగానే పోయిన బిడ్డను కోసి చూసేదెవరు?"

"రేపు ఆ అమ్మాయిని కోస్తారు ఉపేంద్రగారూ. బతకని బిడ్డ కోసం."

"ఈ రోజుల్లో కోత లేని కాన్పు ఎక్కడుంది మేడమ్?"

ఇక సాక్ష్యం లేదు. నోరు మూసుకుంటే చాలు, తను క్షేమం.

భావన తిరిగి లోపలికి వెళ్ళింది. స్టూలు లాక్కుని జోస్నా పక్కన కూర్చుంది.

"అమ్మా, మొదట్లోనే బిడ్డలో ఒక చిన్న మొగ్గ మొలవాలి. దాంతోనే కిడ్నీ తయారవుతుంది. నాలుగో నెల దాటాక ఆ కిడ్నీ పోసే మూత్రమే ఉమ్మనీరు. ఆ నీళ్ళు పీలుస్తూ వదులుతూ ఉంటేనే ఊపిరితిత్తులు ఎదుగుతాయి. నీ బిడ్డకు రెండు వైపులా కిడ్నీ రాలేదు. నువ్వెంత తాగినా ఆ నీళ్ళు అక్కడికి చేరవు."

"ఉన్నయని రాసిండ్రు గద!" అంది ఎల్లమ్మ.

"నేనే రాశాను. తప్పు చూశాను. అప్పుడే చెప్పుంటే మీ కోడలు ఇన్ని నెలలు మోసేది కాదు. బిడ్డ బతకదు. రేపు కోత వద్దు, మీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడతాను."

జోస్నా అత్త వైపు తల తిప్పింది.

"నీళ్ళు తాగుతలేనని అందరు నన్నే తిట్టిండ్రు," అంది. "నేను తాగిన గద అత్తమ్మా."

ఎల్లమ్మ కోడలి పొట్ట మీద జెల్ తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది.

"పుట్టినంక ఒక్కసారన్న ఏడుస్తదా మేడమ్?"

"ఏడవడానికి ఊపిరి చాలదమ్మా."

భావన వాళ్ళ ముందే ఫోన్ చేసింది. ఆపరేషన్ ఆగింది. తర్వాత చేత్తో రిపోర్టు రాసింది: రెండు కిడ్నీలూ లేవు, ఇరవయ్యో వారం రిపోర్టు తప్పు, ఆ తప్పు నాది. గుమ్మంలో ఉపేంద్ర చూస్తుండగానే సంతకం పెట్టింది.

అతన్ని తోసుకుంటూ స్తెఫను వచ్చాడు. చేతిలో స్ట్రా గుచ్చిన బోండం.

"లేతది ఏడ దొరకలే. దిల్‌సుఖ్‌నగర్ దాంక పోయొచ్చిన. తాగు జల్ది."

ఎల్లమ్మ నోరు తెరిచింది. జోస్నా ఆమె చెయ్యి నొక్కి ఆపి, బోండం అందుకుంది.

భావన రిపోర్టు పట్టుకుని నిలబడింది. జోస్నా తాగడం అయ్యేదాకా ఆగింది.