గొంతు పోయిన ఎర్రకారు

రండి, రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు కట్టిపెట్టండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి, తుమ్మేవాళ్ళు ఇప్పుడే తుమ్మేయండి, మధ్యలో మీకు సందు దొరకదు. ఇది చెవుల కథ. నోళ్ళు మూస్తేగాని వినపడదు.

ఒక షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. అతని చేతిలో పడ్డ బండి మళ్ళీ తిరిగొచ్చేది కాదు. అంటే మాయమయ్యేదని కాదు, పాడైందని వెనక్కి వచ్చేది కాదని. ముప్పై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. తిండి మానమంటే మానేవాడేగాని, ఆ పేరు పోతే మాత్రం మనిషి మంచం పట్టేవాడే.

షెడ్డు మామగారిది. పని నేర్పిందీ మామగారే, పిల్లనిచ్చిందీ మామగారే. నలభై ఏళ్ళు రేకుల మీద సుత్తి దెబ్బలు వినీ వినీ ఆయన చెవులు ఇక చాలనుకుని పన్నెండేళ్ళ కిందటే పని మానుకున్నాయి. అప్పట్నుంచీ పాత బస్సు సీటొకటి గుమ్మంలో వేయించుకుని దాని మీదే కూర్చునేవాడు. అల్లుడు పూటపూటా వంగి, నవ్వుతూ, రెండు చేతులా టీ గ్లాసు అందించేవాడు. అందిస్తూ, "తాగండి మామయ్యా, ఇది తొమ్మిదోది. అది కడుపా, లారీ ట్యాంకా?" అనేవాడు. మామగారు ఆ నవ్వు చూసి, "చల్లగా ఉండు నాయనా" అని దీవించేవాడు. ఇటు తిట్టు, అటు దీవెన, ఇల్లు చీకూచింతా లేకుండా గడిచిపోయేది.

ఒక పొద్దున పళ్ళ డాక్టరు తన ఎర్రకారు తీసుకొచ్చాడు. ఆ కారు నేలకి జానెడెత్తు. రెండే సీట్లు. అందులోకి ఎక్కక్కర్లేదు, పక్కన నిలబడి పడిపోతే చాలు. పాపం డాక్టరుకి రోజంతా వినపడేది డ్రిల్లు కుయ్యిమనడం, రోగి కుయ్యోమనడం. కారెక్కి ఇంజన్ మోత వింటేనే ఆయనకి ప్రాణం లేచొచ్చేది.

"బ్రేకులొక్కటీ చూడండి మేస్త్రీ, మిగతాదంతా బంగారం" అని చెప్పి వెళ్ళాడు.

బ్రేకులు గంటలో అయిపోయాయి. చేతులు ఊరుకుంటే కథెందుకు? మెకానిక్ బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు. మోచేయంత నల్ల గొట్టం ఒకటి కనపడింది. ఒక చివర ఇంజన్ గాలి పీల్చుకునే దారికి అతికి ఉంది, రెండో చివర ఇంజన్ వెనక ఇనపగోడలోంచి దూరి డ్రైవరు కాళ్ళ దగ్గర తేలింది. నడుమ డప్పుకి తోలు కట్టినట్టు పల్చటి పొర. మెకానిక్ ఊడదీసి ఊదాడు. గాలి అవతలికి పోలేదు. నీళ్ళు పోశాడు, పోలేదు. నూనె సంగతి అడగనే అక్కర్లేదు.

"నడుమ మూసేసిన గొట్టం ఎవడికి కావాలి? ఫ్యాక్టరీలో ఎవడో మర్చిపోయుంటాడు" అనుకుని, ఇంజన్ వైపు కన్నానికి మూత బిగించి, కాళ్ళ వైపు కన్నంలో పాత బనీను ముక్క కుక్కి, మధ్యాహ్నానికల్లా కారు అప్పజెప్పేశాడు.

క్యారియరు తెచ్చిన భార్య ఆ గొట్టం చూసింది. "ఏవండీ, ఇదేంటి బూరలా ఉంది?"

"పనికిరాంది. పారెయ్."

పనికిరాందంటే ఆవిడకి ఇంకాస్త ప్రేమ. తీసుకెళ్ళి ఒక చివర తండ్రి చెవిలో పెట్టి, రెండో చివర నోటి దగ్గర పెట్టుకుంది. "నాన్నా, వినపడుతోందా?"

ముసలాయన సీట్లోంచి జానెడెత్తు లేచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మాయ్, అచ్చం మీ అమ్మ గొంతేనే. ఆవిడా ఇలాగే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫస్టు గేరులోనే మాట్లాడేది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళింది. ఇదేమీ తెలియని మెకానిక్, మామూలుగానే వంగి, నవ్వుతూ, రెండు చేతులా టీ తెచ్చాడు. "తాగండి మామయ్యా. ఈ లారీ ట్యాంకు నిండేసరికి నా తల నెరుస్తుంది."

మామగారు గొట్టం చెవిలోంచి తీయకుండానే గ్లాసు అందుకున్నాడు. "లారీ ట్యాంకులో టీ పోయరు నాయనా. డీజిల్ పోస్తారు."

మెకానిక్ నవ్వు మొహం మీద అలాగే బిగుసుకుపోయింది, తుప్పుపట్టిన బోల్టులాగ. పన్నెండేళ్ళ పాపం ఒక్క గుక్కలో చుట్టుకుంది. సైకిలుకి గాలి కొట్టించుకుందామని పొద్దున్నే వచ్చి, వేడుక చూస్తూ ఆ సంగతే మర్చిపోయినవాడొకడు పక్కనే ఉన్నాడు. వాడు ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

అప్పుడే ఎర్రకారు మళ్ళీ వచ్చి ఆగింది.

"మేస్త్రీ, నా కారు నడక తగ్గిపోయింది" అన్నాడు డాక్టరు.

మెకానిక్‌కి గుండె జారి గ్యారేజీ గుంటలో పడింది. ముప్పై ఏళ్ళలో మొదటి బండి. ఎక్కి కూర్చుని, తిప్పించి చూశాడు. "స్పీడు ముల్లు వంద మీద ఉంది కదా డాక్టరు గారూ?"

"ముల్లుదేముంది, ఎంతైనా చెప్తుంది. నా కడుపులో ఏమీ కదలట్లేదు. నొప్పుందని రోగి అంటే ఉన్నట్టే, ఎక్స్‌రేలో కనపడకపోయినా సరే. ఐదింటికి మళ్ళీ వస్తా. అప్పటికీ బాగవకపోతే, నా దగ్గర నోరు తెరిచిన ప్రతివాడికీ మీ పనితనం చెప్తా."

ఆయన దగ్గర నోరు తెరవనివాడెవడు? పైగా తెరిచినవాడు ఎదురుమాట అనలేడు, మొత్తం వినాల్సిందే. డాక్టరు కారు వదిలేసి నడిచి వెళ్ళాడు. మెకానిక్ ప్లగ్గులు విప్పాడు, బిగించాడు. గాలి చూశాడు, నూనె చూశాడు. జబ్బుంటే కదా దొరకడానికి.

మామగారు లేచొచ్చి గొట్టం బానెట్‌కి ఆనించి విన్నాడు. ఆ గొట్టాన్ని తిప్పి చూసుకున్నాడు. పొట్ట కదిలేలా నవ్వాడు.

"బండికి రోగమేం లేదురా. దాని గొంతు ఊడబెరికి నా చెవిలో పెట్టారు. ఇంజన్ గాలి పీల్చినప్పుడల్లా ఈ పొర అదురుతుంది. ఆ అదురు గొట్టంలోంచి డ్రైవరు మోకాళ్ళ దగ్గరికి వస్తుంది. గాలి రానక్కర్లేదు, మోత వస్తే చాలు. అద్దాలు బిగించుకుని కూర్చున్నవాడికి తను ఉరుకుతున్నట్టు తెలియొద్దూ?"

"అయితే ఇటివ్వండి మామయ్యా, బిగించేస్తా."

"ఇవ్వను. లారీ ట్యాంకు ఇవ్వనందని డాక్టరుకి చెప్పు."

మెకానిక్ బతిమాలాడు, గడ్డం పట్టుకున్నాడు. మామగారు గొట్టం చెవిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక చెవిటివాడి ముందు శంఖమే.

ఐదైంది. డాక్టరు వచ్చాడు. మునిగేవాడికి గడ్డిపరక దొరికినట్టు మెకానిక్‌కి ఒక ఆలోచన దొరికింది. పనిలో చేరిన కొత్తలో మామగారు స్పానరు ముట్టుకోనివ్వకుండా ఆరు నెలలు ఇంజన్ల చప్పుళ్ళు నోటితో పలికించాడు. ఆ విద్య ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

"నేనూ వస్తాను డాక్టరు గారూ, కింద తలపెట్టి ఒక నట్టు పట్టుకోవాలి" అని, పక్క సీట్లో బోర్లా మడతపడి డాష్‌బోర్డు కింద తల దూర్చాడు.

డాక్టరు తొక్కాడు. మెకానిక్ పలికాడు.

ఏం పలికాడని. రెండో గేరుకి, ముందున్న లారీ తనంతట తనే దారిచ్చింది. మూడో గేరుకి తీగల మీద కాకులు ఎగరడం మర్చిపోయి నడుచుకుంటూ పోయాయి. నాలుగో గేరుకి, రోడ్డు పక్కన నిలబడ్డ బట్టతలాయనకి వెంట్రుకలు మొలిచి మరీ నిక్కబొడుచుకున్నాయి.

"ఇదీ నా కారంటే" అని డాక్టరు చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టాడు. ముల్లు మాత్రం అదే వంద మీద ఉంది.

అంతా బాగుండగా మెకానిక్‌కి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"ర్‌ర్‌ర్, హిక్, ర్‌ర్‌ర్, హిక్."

డాక్టరు వేగం తగ్గించాడు. "మేస్త్రీ, ఇంజన్‌కి ఎక్కిళ్ళేంటి?"

కింద నుంచి చిన్న గొంతు వచ్చింది. "ఎవరో తలుచుకుంటున్నట్టున్నారండీ."

"అయితే నీళ్ళు పట్టిద్దాం పదండి" అని డాక్టరు కారు షెడ్డు వైపు తిప్పాడు.

షెడ్డు ముందు మామగారు గొట్టం చెవిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కారు మలుపు తిరిగినప్పట్నుంచీ వింటూనే ఉన్నాడు. గొట్టం బానెట్‌కి ఆనించాడు, లోపల అంతా కులాసా. కిటికీలోంచి అల్లుడి వీపుకి ఆనించాడు.

"ఇంజన్ ఇక్కడుంది డాక్టరు గారూ. నీళ్ళు వీడికి పట్టించండి."

మెకానిక్ బయటికి వచ్చాడు. ఇక దాచి లాభం లేదు. "గొట్టం నేనే పీకేశానండీ, పనికిరాదనుకుని. మోత నాదే. హిక్. ముప్పై ఏళ్ళకి నా బండొకటి వెనక్కొచ్చింది." తల దించుకున్నాడు.

మామగారు అల్లుడి వైపు చూశాడు. "మూడో గేరులో ఇప్పటికీ నాలిక మడత వేయట్లేదు నువ్వు. అయినా నేర్పింది మర్చిపోలేదులే." గొట్టం చేతిలో పెట్టాడు. "పన్నెండేళ్ళు తిడుతూనే ఉన్నావు, నిజమే. ఒక్కరోజూ చల్లారిన టీ మాత్రం ఇవ్వలేదు. బిగించు. బండి వెనక్కి రావడమేంటి? గొంతు షెడ్డులో వదిలేసి పోయిన బండి పోయినట్టు లెక్కా? ఇప్పుడు పోతుంది చూడు."

మెకానిక్ గొట్టం బిగించాడు. డాక్టరు తాళం తిప్పి ఒక్కసారి తొక్కాడు. మోత మోకాళ్ళలోంచి మొదలై పళ్ళ దాకా పాకింది. డాక్టరు కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మేస్త్రీ, ఈ సంగతి నేనెవరికీ చెప్పను. మీరూ నా కేరింతల సంగతి ఎక్కడా అనకండి."

కారు వెళ్ళిపోయింది. మెకానిక్ పాత స్కూటరు గాలిగొట్టానికి ఆయిల్ పోసే గరాటు బిగించి మామగారి చెవికి అమర్చాడు. వెళ్ళి టీ తెచ్చాడు. వంగి, రెండు చేతులా, కిక్కురుమనకుండా అందించాడు.

మామగారు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఏదో ఒకటి అను నాయనా. రుచి రావట్లేదు."

మెకానిక్ గరాటులోకి వంగాడు. "పదకొండోది మామయ్యా. మీది ట్యాంకు కాదు, ట్యాంకరు."

"చల్లగా ఉండు నాయనా."

ఇదంతా పొద్దుటి నుంచీ చూసిన సైకిలువాడు గాలి లేని సైకిలు నడిపించుకుంటూ ముందుకొచ్చాడు. "అన్నా, ఆ గొట్టం నా సైకిలుకీ ఒకటి బిగించు. కాకపోతే ముందే చెప్తున్నా, మైలేజీ తగ్గితే మాత్రం ఊరుకోను."