పరవాలేదు

బావ చొక్కాకి కాలరు అయింది, చేతులు అయ్యాయి, వీపు మిగిలింది. ఇస్త్రీ పెట్టెను మధ్యమధ్యలో ప్లగ్గు పీకి చల్లార్చుకుంటూ రుద్దుతున్నాను. మీట ఎక్కడ పెట్టినా దానిది ఒకటే వేడి. పిడి కూడా చురుక్కుమంటుంది, అందుకే గుడ్డ చుట్టి పట్టుకుంటాను. బావ పనిచేసే కంపెనీ పెట్టె అది. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

"జాగ్రత్తే, ఇవాళ మీ బావని పెద్దాఫీసు మెట్లెక్కించే చొక్కా అది," అంది అక్క వంటింట్లోంచి.

మా వంటింటికి కిటికీ లేదు. బావకి పెద్ద పదవి వస్తే కంపెనీ ఇల్లు ఇస్తుంది, ఆ వంటింటికి కిటికీ ఉందట. అక్క అప్పుడే దానికి కర్టెన్ గుడ్డ కొని, నేను పడుకునే ముందుగది బీరువాలో దాచిపెట్టింది.

బావ ఆ కంపెనీలో ఫిర్యాదుల విభాగం చూస్తాడు. నేనొక పత్రికలో పనిచేస్తాను. ఏ కంపెనీ కొన్నవాళ్ళని ఎంత న్యాయంగా చూస్తోందో తేల్చి చెప్పే పత్రిక. వస్తువు బాగుంటే చాలదు. పాడైతే పలుకుతారా, తప్పు ఒప్పుకుంటారా, మార్చి ఇస్తారా అన్నవి కూడా చూస్తాం. ఈ నెల ఇస్త్రీ పెట్టెల వంతు. అందులో మా బావ కంపెనీ కూడా ఉందని మా మేడమ్‌కి మొదట్లోనే చెప్పాను. "అయితే తీర్పు నేను రాస్తాను. ఫోన్లు మాత్రం నువ్వే చెయ్యి, నీ దగ్గర జనం నోరు విప్పుతారు," అంది.

విప్పారు. ఫిర్యాదు చేసినవాళ్ళందరూ తృప్తి చెందారని కంపెనీ మాకు రాసి పంపింది. నాతో మాట్లాడినవాళ్ళలో మాత్రం తృప్తి ఉన్నవాళ్ళు కనిపించలేదు. ఇదేమిటో నాకు అంతుపట్టలేదు. చివరికి ఒక టైలరమ్మ చెప్పింది.

"అరచెయ్యి కాలి కత్తెర పట్టుకోలేకపోయానమ్మా. కంపెనీ నుంచి ఒకతను ఎంత మర్యాదగా మాట్లాడాడో! మీకు కష్టం కలిగించాం, క్షమించండమ్మా అన్నాడు. అంత పెద్ద మాట అంటుంటే ఏమంటాను? పరవాలేదు బాబూ అన్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా, మీరే పరవాలేదన్నారుగా, అది అయిపోయిందండీ అంటున్నారు."

ఆ పాఠం నేను మా ఇంట్లోనే విన్నాను. అన్నం తింటూ బావ కొత్తగా చేరినవాళ్ళకి ఫోన్లో చెప్పేవాడు: "సమస్య తీరిందా అని మాత్రం చచ్చినా అడగొద్దు. క్షమించండి అనండి చాలు. మొహమాటానికి పరవాలేదండీ అనకుండా ఉండలేరు. అన్నారా, మూసెయ్యండి."

టైలరమ్మ మాటా, బావ పాఠమూ మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. ఇవాళ పత్రిక అచ్చుకి వెళుతుంది. చెబితే అక్క కిటికీ పోతుంది, బావ ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే టైలరమ్మ తృప్తి చెందినట్టే అచ్చవుతుంది.

బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం మరదలా, మా కంపెనీని ఉతికి ఆరేశారా?"

"ఇంకా ఇస్త్రీలోనే ఉంది బావా."

అక్క పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న ఒక టైలరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. పత్రికవాళ్ళకి అంతా చెప్పేశానంది. ఆ పత్రికవాళ్ళు అంటే నువ్వేగా?"

నేను చొక్కా తిరగేశాను.

"ఇంట్లో మనిషివనేగా నీ ముందు అన్నీ మాట్లాడతాను. మీ పత్రిక తీర్పులో మా కంపెనీకి పై మెట్టేం అక్కర్లేదు. మధ్యలో ఇంకోటి ఉంటుందిగా. దాన్నేమంటారు మీరు?"

మా పత్రికలో మూడే మెట్లు. న్యాయం, పరవాలేదు, అన్యాయం.

"పరవాలేదు," అన్నాను.

"అదీ!" బావ తొడ చరిచాడు. "ఏమోయ్, విన్నావా? మీ చెల్లెలు పరవాలేదంది!"

అక్క పరుగున వచ్చి తడిచేతులతో నా బుగ్గలు పట్టుకుంది. "నాకు తెలుసులే. మన బంగారం మనల్ని ముంచుతుందా?"

"అది కాదక్కా, మెట్టు పేరు అడిగాడు కాబట్టి..."

"మూసేసిన ఫిర్యాదు మళ్ళీ తెరవం మరదలా," అని బావ లేచాడు. అప్పుడు నా మొహం చూసినట్టున్నాడు. గొంతు తగ్గించాడు. "సరే, నిన్ను ఇబ్బంది పెట్టాను. మనసులో పెట్టుకోకు. క్షమించు, ఏం?"

అని ఆగాడు. తల కొంచెం పక్కకి వంచి, ఫోన్లో అవతలి మనిషి కోసం ఎలా ఆగుతాడో అలాగే. అక్క కూడా ఆగింది. నాకు నాలుక చివరికి వచ్చేసింది ఆ మాట. బళ్ళో ఎవరు నా పలక పగలగొట్టినా, బస్సులో ఎవరు కాలు తొక్కినా నేను అన్నది అదే. దాన్ని ఆపడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

ప్లగ్గు పీకాను. పిడికి చుట్టిన గుడ్డ విప్పి మడతపెట్టాను. చొక్కా కుర్చీకి తగిలించాను. వీపు సగం ముడతలుగానే ఉంది.

"ఎక్కడికే, ఏం తినకుండా?" అంది అక్క. "చెప్పి వెళ్ళవే!"

సాయంత్రం మళ్ళీ ఈ గదికే రావాలి. ఆ బీరువా పక్కనే పడుకోవాలి. మేడమ్ అందరికంటే ముందు ఆఫీసుకి వస్తుంది. చెప్పులు వేసుకుని, ఆ మాట జారకుండా పెదవులు గట్టిగా అదిమిపెట్టి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాను.