సగం కాలిబాట

విరిగింది కారు అద్దం. దెబ్బ పడింది మనిషి చెంప మీద.

ఆ మనిషికి కళ్ళు లేవు. కుర్చీలకు వైరు అల్లే పని ఆయనది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇరుకు సందులో గోడను ఎడమచేత్తో తడుముకుంటూ, కాలిబాట మీద నడిచి, సందు చివరి కుర్చీల కొట్టుకు వెళ్తున్నాడు. ఏ గుమ్మం ఎక్కడుందో, ఏ గోడకు పెచ్చు ఊడిందో ఆయన వేళ్ళకు తెలుసు. ఆ పొద్దున మాత్రం గోడ ఉండాల్సిన చోట కారు ఉంది. కర్ర తగిలి అద్దం పగిలింది.

"కళ్ళు లేనోడివి ఇంట్లో పడుండొచ్చుగా!" అంటూ కార్ల దగ్గరి కాపలావాడు మళ్ళీ చెయ్యెత్తాడు.

కుర్చీలాయన భార్య కిటికీలోంచి చూసింది. సందులో చిన్నా పెద్దా అంతా ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. కాలుతున్న ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

"ఏరా, చెయ్యి అంత దురదగా ఉందా? ఇలా చాపు. ఒక్కసారి రుద్ది పంపిస్తాను."

కాపలావాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నా మీద పడతావేంటక్కా? బట్టల షాపు ఓనరు కార్లు ఇక్కడ పెట్టించమన్నాడు, పెట్టించాను. నా పొట్ట కొట్టకు."

పెద్దరోడ్డు మీద కొత్తగా లేచిన నాలుగంతస్తుల బట్టల షాపు అది. కట్టినవాడు నాలుగంతస్తులూ తన సరుకుకే ఉంచుకుని, వచ్చేవాళ్ళ కార్లను పేదల సందులోకి తోలాడు. రోడ్డు చాలక అవి కాలిబాట ఎక్కాయి.

ఆ సాయంత్రం జనం ఇస్త్రీ అక్క ఇంటి మెట్ల మీద పోగయ్యారు. దర్జీ కూతురు కాలేజీలో చదువుతోంది. ముందు ఆ పిల్లే లేచింది.

"టైర్లలో గాలి తీసేద్దాం. వాడే దిగొస్తాడు."

"తొందరపడకు తల్లీ," అన్నాడు హమాలీ మేస్త్రి. మూటలు మోసి మోసి మెడ ఎద్దు మెడలా కాయ కాసిన మనిషి. "మా గోడౌన్లో మొదటిరోజు ఏం నేర్పుతారో తెలుసా? దారంతా నాదే అనకూడదు. మూటతో వచ్చేవాడికి సగం, దించి పోయేవాడికి సగం. అప్పుడు ఎవడూ ఎవడికీ తగలడు. వీళ్ళనీ అదే అడుగుదాం. సగం మాకొదలండి అని."

"దొంగతో వాటాలేంటి పెదనాన్నా? వాడేమైనా మనతో మూటలు మోస్తున్నాడా?"

పిల్ల మాటకు ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్ళు మేస్త్రి వైపు తిరిగారు. ఇస్త్రీ అక్కా అటే మొగ్గింది. గొడవ ముదిరితే ముందు దెబ్బలు తినేది తన మొగుడేనని ఆమె భయం. మున్సిపల్ ఆఫీసుకు అర్జీ రాయించి నూటఆరు గడపలు తిరిగింది. సంతకం రానివాళ్ళ వేళ్ళు తనే సిరాలో అద్దింది. చివరి వేలిముద్ర మొగుడిది.

"సగం చాలా నీకు?" అని అడిగింది.

"పాతికేళ్ళు నీతో కాపురం చేశాను. పక్కకి ఒదిగి బతకడం నాకు కొత్తా?" అన్నాడాయన.

నెల తిరిగేసరికి ఆఫీసు మనుషులొచ్చి కాలిబాట మధ్యలో తెల్లగీత గీశారు. రోడ్డు వైపు సగంలో షాపు వాహనాలు నిలపవచ్చని బోర్డు పాతారు. నిన్నటిదాకా తప్పుగా నిలిచిన కార్లు ఇవాళ చట్టప్రకారం నిలిచాయి. గోడ వైపు మిగిలిన సగంలో మనిషికి ఒక భుజమే పడుతుంది. దాని మీదికీ కారు అద్దాలు చెవుల్లా చొచ్చుకొస్తాయి.

ఇస్త్రీ అక్క ఆఫీసుకు పరిగెత్తింది. అధికారి ఫైలు తిప్పి నవ్వాడు.

"సగం చాలని మీరే రాశారుగా అమ్మా! ఇంత ముచ్చటైన అర్జీ నా సర్వీసులో చూళ్ళేదు."

ఏలేవాడి దగ్గరికి సగం అడగబోయినవాడు మిగతా సగం రాసిచ్చి వస్తాడు. ఆ సందు ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. శవం ముందు నేర్చుకుంది.

కుర్చీలాయన గోడకూ కార్లకూ మధ్య ఆ ఇరుకులో రెండుసార్లు ఇరుక్కున్నాడు. మూడోరోజు నుంచి రోడ్డు మీదికి దిగాడు. అక్కడ చేతికి గోడ లేదు. వారం తిరక్కుండానే వెనక్కి వస్తున్న షాపు సరుకుల వ్యాను గుద్దేసింది. అంబులెన్సు సందులోకి రాలేకపోయింది. హమాలీలు ఆయన్ని చెక్క మీద వేసుకుని పరిగెత్తారు. పెద్దరోడ్డు చేరకముందే ప్రాణం పోయింది. ఇస్త్రీ అక్క చేరేసరికి ఆయన చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ చేతిని చెంపకు ఆనించుకుని కూర్చుంది. ఏడవలేదు.

మర్నాడు మధ్యాహ్నం శవం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. ఇక పాడె బయటికి తియ్యాలంటే పక్కపక్కన మోసేవాళ్ళకు దారి లేదు. గుమ్మం ముందు రోజూలాగే కార్లు.

మేస్త్రి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "సగమన్న పాపిష్టి నోరు నాదమ్మా. కొట్టు నన్ను."

"అన్నది నువ్వు, ఇల్లిల్లూ తిరిగింది నేను. ఎవర్ని ఎవరు కొడతాం అన్నా? లే. ముందు ఆయనకి దారి తియ్యి."

మేస్త్రి లేచాడు. కండువా నడుముకు చుట్టి మొదటి కారు కింద చేతులు పెట్టాడు. హమాలీలు చుట్టూ చేరారు. "పట్టు!" అన్న ఒక్క కేకకు కారు గాల్లోకి లేచింది.

"ఓస్, ఇంతేనా! బస్తాలే నయం, బరువుంటాయి," అన్నాడొకడు ఏడుస్తూనే.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో శవాన్ని చూశాడు. టోపీ తీసి గోడ వైపు తిరిగాడు. "నేనేం చూళ్ళేదు," అన్నాడు.

ఏడు కార్లు మోసుకెళ్ళి షాపు గుమ్మానికి అడ్డంగా దించారు. తర్వాత కుర్చీలాయన్ని భుజాలకెత్తుకుని, కాలిబాట నిండుగా నడిచారు.

మట్టిచేసి తిరిగొచ్చేసరికి పోలీసులు సందులో ఉన్నారు.

"ఎవరి పని ఇది?"

"అర్జీ పెట్టింది నేనే. ఇప్పుడు దాన్ని రద్దు చేసిందీ నేనే," అంది ఇస్త్రీ అక్క.

"చట్టప్రకారం ఆ సగం షాపుది!"

"ఎవరిచ్చారు సార్?" దర్జీ కూతురు ముందుకొచ్చింది. "ఈ వేళ్ళేగా ఇచ్చింది. ఇవే వెనక్కి తీసుకుంటున్నాయి."

పోలీసులు ఇస్త్రీ అక్కను వ్యానులోకి నెట్టి తలుపు వేశారు. ఆమె బల్ల మీద కూర్చుంది. చేతులకు ఇంకా మట్టి ఉంది. ఇంటికెళ్తే ఇక అన్నం ఒక్క కంచంలోనే పెట్టుకోవాలి. నిన్నటి నుంచి తలకెక్కని ఆ సంగతి ఇప్పుడు ఎక్కుతోంది.

కిటికీ జాలీలోంచి బయటికి చూసింది. పోలీసు వ్యాను కూడా రెండు చక్రాలు కాలిబాట మీదే పెట్టి నిలబడింది.

మేస్త్రి పోలీసుల్ని దాటుకుని వచ్చాడు. సరాసరి వ్యాను కింద చేతులు పెట్టి వంగాడు. ఆయన పక్కన హమాలీలు వంగారు. దర్జీ, కూతురు, చంటిపిల్లను పక్కింటామెకిచ్చి మరొకామె. లాఠీ మేస్త్రి వీపు మీద పడింది. చెయ్యి వదల్లేదు. రెండోది పడింది. దర్జీ కూతురు నుదురు చిట్లింది. ఆ పిల్లా వదల్లేదు.

"పట్టు!"

ఇస్త్రీ అక్క పాదాల కింద ఇనుపనేల కదిలింది. పైకి లేచింది. అప్పుడొచ్చింది ఏడుపు, గొంతు చీల్చుకుని, ఆపుకోలేనంతగా. ఆ ఏడుపులోంచే జాలీని రెండు చేతులా పట్టుకుని అరిచింది.

"ఇంకొంచెం! ఇంకొంచెం ఎత్తండి!"